అది స్పిరిట్ వాసనే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరూ అంటారు. అననివ్వండి. నేను బట్టలు సరిచేసే దర్జీని. పొడుగైన ప్యాంట్లు కురచ చేస్తాను, బిగుతైన జాకెట్లు వదులు చేస్తాను. వదులైన నోళ్ళు కుట్టడం మాత్రం నావల్ల కాదు. అయితే ఆ ముక్కునే నమ్ముకుని నేనొక ఘనకార్యం చేశాను. అది చెప్పాలంటే ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి.

వాణ్ణి అందరూ పాలిష్ మేస్త్రి అంటారు. కుర్చీలు, బల్లలు, బీరువాలు, తలుపులు, కర్రతో చేసింది ఏదైనా సరే వాడి చేతిలో పడితే మెరవాల్సిందే. ఇప్పుడంతా మిషనుతో చిమ్మి పారేస్తున్నారు గానీ, వాడిది పాత పద్ధతి. లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెడతాడు. దూదిని గుడ్డలో ముద్దగా చుట్టి, అందులో ముంచి, కర్ర మీద గుండ్రంగా రుద్దుకుంటూ పోతాడు. ఒక పూత ఆరాక ఇంకో పూత. ఒక్క బల్లకి ఇరవై పూతలు వేసిన రోజులున్నాయి. చెక్క మీద అంత ఓపిక చూపించేవాడు సాయంత్రం ఐదున్నర దాటితే ఒక్క నిమిషం ఆగలేకపోయేవాడు. పని చేసే షెడ్డుకి తాళం పడటం, వాడు మందు షాపు గడప ఎక్కడం ఒకేసారి జరిగేవి.

ఆ స్పిరిట్ ఉందే, దాని వాసన చొక్కాకి పడుతుంది, గోళ్ళకి పడుతుంది, జుట్టుకి పడుతుంది. మందు వాసనకీ దానికీ అన్నదమ్ముల పోలిక. తాగుడు మొదలెట్టిన కొత్తలోనే వాడికి ఈ సాకు దొరికింది. ఎవరు మొహం చిట్లించినా, "అది స్పిరిట్ వాసనే" అనేవాడు. వాడొక్కడే అని ఊరుకుంటే సరిపోయేది, నేనూ అన్నాను. మా మరదలు ఫోన్ చేసి, "వదినా, మీ తమ్ముడు మళ్ళీ తాగొచ్చారు" అని ఏడిస్తే, "ఛ, ఛ, వాడి పనే స్పిరిట్‌తో కదమ్మా, అది స్పిరిట్ వాసనే" అని సర్దిచెప్పేదాన్ని. తెలిసే చెప్పేదాన్ని. తోడబుట్టినవాడనే మమకారం కొంత, ఇంటి గుట్టు వీధిన పడకూడదనే పౌరుషం కొంత. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా. అది పడకుండా పదిహేనేళ్ళు పట్టుకుని కూర్చున్నాను, ఆ పిల్ల కాపురం మాత్రం నా కళ్ళ ముందే కుళ్ళిపోయింది.

చివరికి ఒక వానరోజు వచ్చింది. బడి నుంచి కూతుర్ని తీసుకురావాల్సిన పెద్దమనిషి మందు షాపులో కూర్చున్నాడు. పదేళ్ళ పిల్ల బడి గేటు ముందు రెండు గంటలు తడుస్తూ నిలబడింది. మా మరదలు ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుంది, దుప్పట్లు ఉతికించి లెక్క చూసే ఉద్యోగం. డ్యూటీ దిగి వచ్చేసరికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. పిల్లకి జ్వరం తగ్గిన రోజు పొద్దున్నే మొగుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. వాడు గుమ్మం బయటే నిలబడ్డాడు, తిరిగి అప్పగించడానికి తెచ్చిన అరువు సామానులా.

"వదినా, ఇన్నాళ్ళూ వెనకేసుకొచ్చింది మీరే. ఇప్పుడు మీ దగ్గరే ఉంచుకోండి," అంది. "నేనూ పిల్లా మా పిన్ని ఇంట్లో ఉంటాం. తొంభై రోజులు చూస్తాను. ఒక్క చుక్క ముట్టకుండా ఉంటే తిరిగొస్తాం. ముట్టాడంటే మీరే ఫోన్ చేసి చెప్పండి. ఈసారి దాచొద్దు. అంతే, ఆ తర్వాత మా దారి మాది."

నాకు తల కొట్టేసినట్టయింది. నా కళ్ళ మీద ఒట్టేసి, "దాచను" అన్నాను.

మొదటి పది రోజులూ వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. చేతుల వణుకు తగ్గాక ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది. మందు మానేసినవాళ్ళు కలుసుకునే చోటట. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఆరింటికి. బస్ స్టాండ్ వెనక పాత మేడ, రెండో అంతస్తు. బోర్డు ఉండదు, వచ్చేవాళ్ళ పరువు కోసం పెట్టరట. తాగినన్నాళ్ళూ పోని పరువు మానేశాక పోతుందా అని నేను అక్కడే గొణిగాను.

బడిలో చేర్పించడానికి తీసుకెళ్ళినట్టు వాణ్ణి మెట్లదాకా తీసుకెళ్ళి పైకి పంపాను. గంట తర్వాత కిందికొచ్చాడు, చేతిలో ఇంకో చీటీతో.

"ఏమన్నార్రా?"

"నాకు చూపు మందగించిందట అక్కా. కళ్ళజోడు పెట్టుకోమన్నారు."

వీడు రెండో అంతస్తు అనుకుని ఒకటో అంతస్తులోనే ఆగిపోయాడు. అక్కడ ఉచితంగా కళ్ళ పరీక్షలు చేస్తున్నారు. వరసగా కుర్చీలు, తల దించుకుని కూర్చున్న మనుషులు. ఇదే కాబోలనుకుని వీడూ కూర్చున్నాడు. ఒకావిడ వచ్చి, "ఎన్నాళ్ళ నుంచండీ ఈ బాధ?" అని అడిగిందట. "ఇరవై ఏళ్ళ నుంచి" అన్నాడట. "ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది?" "సాయంత్రమైతే చాలమ్మా." "ఒకటి రెండుగా కనిపిస్తాయా?" "బాగా ఎక్కువైతే కనిపిస్తాయి" అని వీడు నిజాయితీగా చెప్పాడట. నేను ఆ మెట్ల మీదే కూలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. వాడు మాత్రం నవ్వలేదు. "అంతమందిలో నిజం చెప్పడానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నానో తెలుసా," అన్నాడు. "అదంతా అక్కడే ఖర్చయిపోయింది."

శుక్రవారం మళ్ళీ పంపాను, ఈసారి మెట్లు లెక్కపెట్టి. దొరికింది. ఏడెనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లాస్కు నిండా టీ, పది నిమిషాలు వెనక నడిచే గోడ గడియారం. నడిపించేది ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు, అందరూ డ్రైవర్ బాబాయ్ అంటారు. మానేసి పద్దెనిమిదేళ్ళయిందట. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. చెప్పాలని లేనివాళ్ళు ఊరికే కూర్చోవచ్చు.

మా వాడు ఊరికే కూర్చున్నాడు, రెండు నెలలు. "ఇవాళేం చెప్పావురా?" అని అడిగితే, "ఏం చెప్పలేదు" అనేవాడు. "మరెందుకు వెళ్ళడం?" "వినడానికి." నాకు ఒళ్ళు మండేది. "నేను ఇరవై ఏళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే వినలేదు గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్ళు చెప్తే వింటావా?" అనేదాన్ని. పళ్ళెం తీసుకుని గది అవతలి మూలకి పోయేవాడు.

ఆ మూల గురించి చెప్పాలి. నావి రెండు గదులు. ముందు గదిలో నా కుట్టు మిషను, దాని చుట్టూ ఇతరుల బట్టల గుట్టలు. మా ఆయన పోయాక తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. వాడొచ్చాక కూడా పెద్దగా మారలేదు. మూలన చాప వేసుకుని గోడకి ఆనుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఇంతకు ముందు ఆరయితే "మేస్త్రీ" అంటూ పిలవడానికి పదిమంది ఉండేవాళ్ళు. మందు మానగానే అందరూ గాలికి పోయారు. షెడ్డులో కూడా వీడొక్కడే ఓ పక్కన కూర్చుని తింటున్నాడని అక్కడి వడ్రంగి నాతో అన్నాడు. "మీవాడు ఇప్పుడు మాతో కలవడం లేదమ్మా" అని ఎదురు ఫిర్యాదు. కలవడమంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి నాలుగు దులిపి పంపాను.

ఆదివారం కూతురు ఫోన్ చేసేది. ఒక్క నిమిషం. "నాన్నా, బాగున్నావా?" అనేది. "బాగున్నాను తల్లీ. ఈ వారం ఏడడుగుల బల్ల చేస్తున్నా. తొమ్మిది పూతలయ్యాయి" అనేవాడు. ఆ పిల్ల ఇంకేమీ అడిగేది కాదు, వాడికి ఇంకేమీ చెప్పడం వచ్చేది కాదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చునేవాడు. అయినా నేను పలకరించలేదు. పలకరిస్తే కరిగిపోతాను, కరిగితే మళ్ళీ అబద్ధాలు మొదలెడతానని భయం.

అందుకే కాపలా కాసేదాన్ని. రోజూ వాడొచ్చే వేళకి గుమ్మంలో నిలబడి, వాడు లోపలికి అడుగు పెట్టగానే గాలి పీల్చేదాన్ని. వాడికీ తెలుసు. ఒక్క క్షణం ఆగి, నా పని కానిచ్చి లోపలికి పోయేవాడు. రోజూ సబ్బు వాసన తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇరవై రోజులు, ముప్పై, యాభై, డెబ్బై. దీంతో నాకొక సంగతి తేలిపోయింది. మందు మానగానే ఆ వాసన కూడా మాయమైందంటే, అది ఏనాడూ స్పిరిట్ వాసన కాదన్నమాట. అంతా మందే. ఇంత తెలివి నాకు ముందే ఉంటే ఎంత బాగుండేదని నన్ను నేనే తిట్టుకున్నాను. వాడు రోజూ షెడ్డులోనే గోళ్ళు రుద్ది రుద్ది స్నానం చేసి, వేరే చొక్కా మార్చుకుని వస్తున్నాడన్నది నాకు తెలియదు. వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

డెబ్బై ఒకటో రోజు శుక్రవారం. నేనొక కోటు చేతులు విప్పుతున్నాను. వాడు గుమ్మం ఎక్కకముందే గుప్పుమంది. అదే వాసన. కత్తెర పక్కన పడేసి లేచాను.

"ఏమిట్రా ఇది?"

వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, షెడ్డులో మోటారు చెడిపోయింది. పొద్దుట్నుంచీ నీళ్ళు లేవు. అది..." అని ఆగాడు. ఆ మాట అనకూడదని వాడికి తెలుసు. కానీ వేరే మాట లేదు. "అది స్పిరిట్ వాసనే."

నేను అరిచిన అరుపులకి పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. కుక్క తోక వంకర అన్నాను. కన్నకూతురి ఉసురు తగులుతుందన్నాను. డెబ్బై రోజులు నా కళ్ళల్లో దుమ్ము కొట్టావన్నాను. వాడి ముందే ఫోన్ తీసి మరదలికి చేసి, "తాగొచ్చాడమ్మా. చెప్తానన్నాను, చెప్తున్నాను" అన్నాను. కాసేపటికి, "సరే వదినా" అని పెట్టేసింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు నాకు గర్వంగా అనిపించింది. పదిహేనేళ్ళకి ఒకసారి నిజం చెప్పానని.

వాడు వెనక్కి తిరిగి వీధిలోకి నడిచాడు.

ఎక్కడికి పోతాడో నాకు తెలియదా! చెప్పులేసుకుని వెంట బయల్దేరాను, షాపు ముందే చొక్కా పట్టుకుని నలుగురిలో కడిగేద్దామని. వాడు వెనక్కి చూడలేదు. బజారు దాటాడు. మందు షాపు దగ్గరికి రాగానే నడక తగ్గింది, ఆగాడు. నేను కూరగాయల బండి చాటున నిలబడ్డాను. షాపు లోపల్నుంచి ఎవరో, "మేస్త్రీ, రావయ్యా, ఎన్నాళ్ళకి!" అని పిలిచారు. వాడు ఆ వెలుతురులో అలాగే నిలబడ్డాడు. నేను పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. అప్పుడు కదిలాడు. బస్ స్టాండ్ వెనక పాత మేడ మెట్లెక్కాడు.

నాకు మతి పోయింది. తాగినవాడు ఇక్కడికెందుకు వస్తాడు? నేనూ ఎక్కాను. రెండో అంతస్తులో తలుపు ఓరగా వేసి ఉంది. మా వాడి గొంతు వినిపించింది. నెలల తరబడి నోరు విప్పని మనిషి ఆ రోజు మాట్లాడుతున్నాడు.

"నేను తాగలేదు," అన్నాడు. "కానీ ఆ మాట నమ్మేట్టు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఉన్న ఒక్క నిజాన్నీ ఇరవై ఏళ్ళు అబద్ధం కోసం వాడేశాను. ఇవాళ నిజం చెబుదామంటే అదే మాట వచ్చింది నోట్లోంచి. మా అక్కని తప్పు పట్టను. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ నమ్మను. వస్తూ వస్తూ షాపు ముందు ఆగాను. ఎలాగూ తాగాడనే అనేశారు కదా, తాగేస్తే పోలా అనిపించింది. నా పెళ్ళాం పిల్లా ఇంక రారు. మరి ఎవరి కోసం మానాలో నాకు తెలియడం లేదు."

ఎవరూ ఓదార్చలేదు. డ్రైవర్ బాబాయ్ ఒక్కడే, "ఇక్కడిదాకా వచ్చావుగా మేస్త్రీ, కూర్చో," అన్నాడు. అంతలో తలుపు దగ్గర నన్ను చూశాడు. "ఎవరమ్మా?"

"వాడి అక్కని" అన్నాను.

ఆయన మా వాడి వైపు చూశాడు. వాడు తలూపాడు. "రామ్మా, ఆ కుర్చీ ఖాళీయే," అన్నాడు బాబాయ్. అది వాడి పక్క కుర్చీ.

వెళ్ళి కూర్చున్నాను. వాడి పక్కన అంత దగ్గరగా కూర్చుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు రాలేదు. ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి, దూరం నుంచే తీర్పు చెప్పేశాను. టీ అందిస్తూ వాడు నా వైపు తిరిగాడు. నోట్లోంచి వచ్చింది టీ వాసన మాత్రమే. వాడి చెయ్యి పట్టుకున్నాను. గోళ్ళ సందుల్లో ఎర్రగా లక్క, చర్మం ఎండిపోయి చిట్లింది. వాసనంతా అక్కడుంది, చేతుల్లో, చొక్కా మణికట్టు దగ్గర. తాగినవాడి వాసన ఊపిరిలో వస్తుంది. అది నాకు తెలియక కాదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఆ అనేవాళ్ళందరికంటే ముందు వరసలో నేనున్నాను.

"తప్పయిపోయిందిరా" అన్నాను. అంతమందిలో అన్నాను. వాడు నా చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ఫోన్ చేశాను. "అమ్మాయ్, నేను పొరపాటు పడ్డాను. వాడు తాగలేదు. దగ్గర కూర్చుని చూశాను. షెడ్డులో నీళ్ళు రాలేదు, స్నానం చెయ్యలేదు. అది స్పిరిట్ వాసనే."

అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"వదినా," అంది మెల్లగా, "ఇందాక మీరు ఫోన్ చేసినప్పుడు ఏడ్చాను. కానీ ఒకటి అనుకున్నాను. ఇన్నాళ్ళకి వదిన నాకు నిజం చెప్పింది, ఇకనుంచి ఒక మనిషినైనా నమ్మొచ్చు అనుకున్నాను. రెండు గంటలైనా కాలేదు."

"ఇప్పుడు చెప్పేది నిజమమ్మా. నా కళ్ళ మీద..."

"ఒట్లు వద్దు వదినా." కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. "నాకు రావాలనే ఉంది. పిల్ల రోజూ క్యాలెండర్ మీద కొట్టేస్తోంది. కానీ మీ ఇద్దరిలో ఎవరు చెప్పినా నాకు తెలుసుకునే దారి లేదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టమనండి. తొంభై."

పెట్టేసింది. నోరున్న మనిషినని ఊరంతా చెప్పుకునే నాకు, ఆ ఒక్క మనిషికి ఒక్క నిజం చెప్పడం చేతకాలేదు.

వాడు మూలన చాప మీద కూర్చుని అంతా విన్నాడు. దగ్గరికెళ్ళి నిలబడ్డాను. "ఒకటి నుంచి అంది" అన్నాను.

"వినిపించింది."

"నువ్వేం తప్పు చెయ్యలేదురా. నేను పొద్దున్నే వెళ్ళి దాని కాళ్ళ మీద పడతాను."

"వద్దక్కా. తను అన్నదీ నిజమే కదా."

వాడి చేతులు ఒళ్ళో ఉన్నాయి గానీ, వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. అడగడానికి భయపడుతూనే అడిగాను. "తాగాలనిపిస్తోందా?"

అబద్ధం చెబుతాడనుకున్నాను. చెబితే బాగుండుననుకున్నాను.

"చాలా," అన్నాడు.

"మరేం చెయ్యనురా నేను? తలుపుకి తాళం వెయ్యనా? బాబాయ్‌ని పిలవనా?"

"కాసేపు పక్కన కూర్చో అక్కా."

"కూర్చుంటే ఆగుతుందా?"

"తెలీదు," అన్నాడు. "తాగాక తిట్టడానికి అందరూ వచ్చేవాళ్ళు. తాగాలనిపించినప్పుడు నా పక్కన ఎప్పుడూ ఎవరూ కూర్చోలేదు."

కోటు మిషను మీదే వదిలేశాను. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా చాప మీదికి దిగి, వాడి పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను.